రెండు గింజలే కదా!

దసరా వెళ్లాక వచ్చిన మొదటి శనివారం రాత్రి, హన్మకొండ బాలసముద్రంలో మా మేనత్త వాళ్ల హాల్లో చాప మీద కూర్చుని మొదటిసారి హోల్డెమ్ అనే పోకర్ ఆట ఆడాను. గంటన్నరలో నా ముందున్న వంద చింతగింజలు ఖాళీ. లేచి నీళ్లు తాగొచ్చి, అప్పటికే గెలుస్తున్న బావ దగ్గర ఇంకో వంద అప్పు తీసుకున్నాను. పదకొండు కాకముందే అవీ పోయాయి. బండి మీద ఇంటికి వస్తూ ఎంజీఎం ఆసుపత్రి దగ్గర ఆగి లెక్క వేసుకుంటే, పెద్దగా దెబ్బతిన్న ఆట ఒక్కటే గుర్తొచ్చింది. అందులో పోయినవి ముప్పై గింజలకు మించవు. మరి మిగతా నూటడెబ్బై ఎటు పోయినట్టు?

నేను ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాను. పత్తి, మిర్చి. ఇరవై రెండేళ్లుగా తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) రాయడం, సాయంత్రానికి చిట్టా తేల్చడం నా పని. పది రూపాయలు తేడా వస్తే దుకాణం మూయనివ్వను. దీనికి మా సేటు మురుస్తాడో విసుక్కుంటాడో ఇప్పటికీ తెలియదు. అలాంటిది నా చేతిలోంచే నూటడెబ్బై గింజలు పద్దు లేకుండా పోయాయి. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

గింజలతో ఎందుకు అంటారా? పత్తాలు నాకు కొత్త కాదు. పెళ్లిళ్లలో రమ్మీ, దీపావళికి తీన్‌పత్తి ఆడి పెరిగినవాణ్ణే. 2016లో ఫోన్‌లో డబ్బు పెట్టి రమ్మీ ఆడి పద్దెనిమిది వేలు పోగొట్టుకున్నాను. మా ఇంటామెకు ఆ సంగతి బ్యాంకు పాసుబుక్కులో కనిపించింది. ఇక డబ్బుతో పత్తా ముట్టనని ఆమెకు మాటిచ్చాను. తర్వాత చట్టమే అడ్డం వచ్చింది. 1974 నాటి మన గేమింగ్ చట్టానికి 2017లో సవరణ తెచ్చి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను రాష్ట్రంలో ఆపేశారు. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటే అని సుప్రీంకోర్టు 1968లో చెప్పిన కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుదే అని ఎవరో ఒకరు ప్రతి పెళ్లిలో గుర్తు చేస్తారు. నిజమే, కానీ మా ఇంటామె సుప్రీంకోర్టు కాదు.

బావ అమెరికాలో, శాన్ హోజేలో పదిహేనేళ్ల నుంచి ఉంటున్నాడు. అత్తమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, ఇక్కణ్ణుంచే ఆఫీసు పని చేసుకునేలా అడిగి వచ్చాడు. అక్కడ శుక్రవారాలు కార్డ్ రూముకు వెళ్లి లిమిట్ హోల్డెమ్ ఆడేవాడట. ఆ దేశంలో కూలి పని చేసేవాళ్లు, పింఛనుదార్లు, వీసా కోసం ఎదురుచూసే మనవాళ్లు అందరూ ఒకే టేబుల్ మీద కూర్చుంటారని చెప్తుంటాడు. ఇక్కడ ఏం తోచక మమ్మల్ని పోగేశాడు: నేను, మా వదినె (బావకు అక్క, సర్కారు బడిలో టీచరు), పక్కింట్లో ఉండే జూనియర్ కాలేజీ లెక్కల సారు, కాజీపేటలో రిటైరైన గార్డ్ సాబ్, మెడికల్ షాపు తమ్ముడు. ఆరుగురం. అత్తమ్మ మంచం మీద కూర్చుని చూస్తుంది. చింతగింజలు ఆమెవే. కడిగి ఎండబెట్టి ఆరు వందలు లెక్కపెట్టి, పాల పొడి డబ్బాలో పోసి ఇచ్చింది. ప్రతి శనివారం తలా వందతో మొదలుపెడతాం. లాభనష్టాలు నా నోట్‌బుక్కులో.

ఆట తీరు తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. తలా రెండు పత్తాలు మూసి పంచుతారు. మధ్యలో అందరికీ కలిపి మొదట మూడు పత్తాలు తెరుస్తారు, దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాత ఒకటి, అది టర్న్. చివర ఇంకొకటి, అది రివర్. చేతిలో రెండూ నేల మీద ఐదూ, మొత్తం ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే వాళ్లదే కుప్ప. పాట్ అని బావ అంటాడు గానీ అత్తమ్మ మొదటి రోజే కుప్ప అంది, అదే నిలిచిపోయింది. పత్తాలు పడేయడాన్ని కూడా బావ ఫోల్డ్ అంటాడు, మేం రమ్మీ అలవాటుకొద్దీ డ్రాప్ అంటాం.

లిమిట్ అంటే పాటకు గీత గీసి పెట్టడం. మాది రెండు-నాలుగు. పంచినవాడి పక్కవాడు ఒక గింజ, వాడి పక్కవాడు రెండు గింజలు చూడకుండా పెట్టాలి. వీటినే బ్లైండు అంటారు. ఫ్లాప్ దాకా ఎవరు పెంచినా రెండేసి చొప్పునే పెంచాలి. టర్న్, రివర్ మీద నాలుగేసి. ఒక రౌండులో ఒక పందెం, దాని మీద మూడు పెంపులు, అంతే. మార్కెట్లో పొద్దున జెండా పాట (వేలం) అప్పుడు ఖరీదుదారు ఎంతదాకానైనా పాడొచ్చు. ఇక్కడ కుదరదు. సినిమాల్లో చూపించినట్టు ఉన్నదంతా రెండు చేతులతో మధ్యలోకి తోసి ఎదుటివాడి మొహం చూసే సీను అసలే లేదు. నాకు ఇదే ధైర్యం ఇచ్చింది. ఎంత పోయినా రెండు, నాలుగే కదా అని.

మొదటి రాత్రి నన్ను కొట్టిన ఆట ఇది. నా చేతిలో డైమన్ ఎనిమిది, తొమ్మిది. నేల మీద కళావరు గులాం, కళావరు పది, ఆఠీను నాలుగు. టర్న్‌లో కళావరు రాణి పడింది. ఎనిమిది, తొమ్మిది, పది, గులాం, రాణి. సీక్వెన్స్! గార్డ్ సాబ్ నాలుగు పెట్టాడు, నేను ఎనిమిది చేశాను, ఆయన పన్నెండు, నేను పదహారు. ఇక పెంచడానికి లేదు. రివర్ మీద ఇంకో నాలుగు. గార్డ్ సాబ్ కళావరు రాజు, మూడు చూపించాడు. ‘కలరే కదా సాబ్’ అంటూ నేను కుప్ప మీదికి చేతులు చాచాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

తీన్‌పత్తిలో కలర్ (అన్నీ ఒకే గుర్తు పత్తాలు) మీద సీక్వెన్స్ (వరస పత్తాలు) గెలుస్తుంది. ఇందులో తలకిందులు, సీక్వెన్స్ మీద కలర్ గెలుస్తుంది. ఇదేం న్యాయం అని నేను గొడవ పెట్టుకుంటే లెక్కల సారు అత్తమ్మ మందుల చీటీ వెనకాల రాసి చూపించారు. మూడేసి పత్తాలు పంచితే మామూలు సీక్వెన్సులు 720 రకాలుగా వస్తాయి, కలర్లు 1,096. సీక్వెన్సే అరుదు. అదే ఐదేసి పత్తాలైతే సీక్వెన్సులు 10,200, కలర్లు 5,108. అరుదైనదానికి గౌరవం ఎక్కువ. నలభై ఏళ్లుగా రెండు ఆటలూ చూస్తున్న గార్డ్ సాబ్‌కు కూడా ఈ కారణం తెలియదట. కుప్ప మాత్రం ఆయనే లాక్కున్నాడు.

ఇది కొత్తలో చేసే తప్పు. ఒకసారి తగిలితే మళ్లీ చేయం. నూటడెబ్బై గింజల రోగం వేరే. దాన్ని పట్టుకోవడానికి మూడో శనివారం లాంగ్ నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఎన్ని ఆటలు పంచారు, ఎన్నింటిలో గింజ పెట్టాను, ఎక్కడ వదిలేశాను, ఎన్ని పోయాయి. పెన్సిలుతో గీతలు కొడుతూ పోయాను. తమ్ముడు నవ్వాడు. ‘అన్నా, ఆడుతున్నవా, కాంటా పెడుతున్నవా?’ అన్నాడు.

ఆ రాత్రి 58 ఆటలు. నేను 39 ఆటల్లో దిగాను. గెలిచినవి ఏడు. ఫ్లాప్ చూడ్డానికే 61 గింజలు ఖర్చు. ఫ్లాప్‌లో ఏం తగలకపోయినా ‘ఒక్క పత్తా చూద్దాం’ అని పెట్టినవి ఇంకో 44. నిజంగా పోరాడి ఓడిన ఆటలు మూడే. అంటే నా నష్టంలో సింహభాగం ఆటలో కూడా పోలేదు. గుమ్మం దగ్గర టికెట్లు కొనడంలో పోయింది.

ఇంతాచేసి ఇది నాకు తెలియని లెక్క కాదు. బస్తా ఒక్కింటికి పడే చిల్లర ఖర్చు చూస్తే రైతుకు ఏమీ అనిపించదు. సీజన్ అయ్యాక ఖాతా తిప్పి కింద కూడిన అంకె చూసినప్పుడు గుండె ఆగుతుంది. ఆ అంకె రాసేది నేనే. అదే రోజు బావ గీతలు కొట్టుకుంటే 58లో 15 ఆటల్లో దిగాడు, వదినె 12. మధ్యలో వాళ్లిద్దరూ పల్లీలు వలుచుకుంటూ కూర్చున్నారు. నేనేమో వాళ్లకు ఆట మీద ఇష్టం లేదనుకున్నాను.

‘బామ్మర్దీ, నువ్వు పత్తాలు చూస్తలేవు, గింజలు చూస్తున్నవ్. రెండు గింజలే కదా అని పెడ్తున్నవ్. రెండు గింజలకు ఏం కొంటున్నవో చూసుకో’ అన్నాడు బావ.

రమ్మీలో మాకు ఈ బుద్ధి ఉంది, విచిత్రం అదే. 201 పాయింట్ల ఆటలో చెయ్యి బాగా లేకపోతే మొదటే 25 పాయింట్లకు డ్రాప్ చేస్తాం. లోపలికి వెళ్లి తప్పుకుంటే 50, చివరిదాకా ఉండి ఇరుక్కుంటే 80. డ్రాప్ చేయడానికి జరిమానా ఉన్న ఆటలో డ్రాప్ చేసేవాణ్ణి, హోల్డెమ్‌లో బ్లైండు కాని చోట పత్తాలు పడేస్తే పైసా ఖర్చు లేదు, అక్కడ మాత్రం పడేయలేకపోయాను. ఊరికే వచ్చే దానికి విలువ తెలియదేమో.

ఇంకో జబ్బు కలర్ పిచ్చి. రెండు పత్తాలూ ఒకే రంగైతే చాలు, రాజు-నాలుగైనా తొమ్మిది-రెండైనా దిగిపోయేవాణ్ణి. సారు మళ్లీ చీటీ తీశారు. ఒకే రంగు రెండు చేతిలో ఉన్నప్పుడు ఫ్లాప్‌లోనే కలర్ పూర్తయ్యేది వంద సార్లకు ఒకసారి కూడా కాదు. ఇంకో రెండు పడి కలర్ మీద ఆశ పుట్టేది తొమ్మిదింటిలో ఒకసారి. మామూలుగా జత కాని రెండు పత్తాలకు ఫ్లాప్‌లో కనీసం ఒక జత తగిలేది మూడింటిలో ఒకసారి. అంటే మూడింటిలో రెండుసార్లు ఫ్లాప్ మనల్ని చూసి వెక్కిరిస్తుంది. అప్పుడు చేతిలో ఎక్కా, రాజు ఉంటే కొంత గౌరవంగా నిలబడొచ్చు. తొమ్మిది-రెండుతో నిలబడితే పత్తాలకు కూడా నవ్వొస్తుంది.

వదినె పద్ధతి అన్నింటికంటే సింపుల్. పెద్ద జతలు, ఎక్కాతో పెద్ద పత్తా అయితే పెంచుతుంది. చిన్న జత వస్తే, చాలామంది దిగినప్పుడు మాత్రమే రెండు పెట్టి ఫ్లాప్ చూస్తుంది. మూడోది తగిలితే సరే, లేకపోతే అక్కడికి చాలు. ఆ మూడోది ఎనిమిది తొమ్మిది సార్లకు ఒకసారి వస్తుంది. వచ్చినప్పుడు ఎవరికీ అనుమానం రాదు, అందరూ గింజలు కడతారు. ఆరో తరగతి పిల్లల కాపీలు దిద్దుకుంటూ కూడా ఈ ఆట ఆడగలనని ఆమె అంటుంది. నిజంగానే ఒకరోజు దిద్దింది.

నేను కూడా అట్లా బిగపట్టి ఆడటం మొదలుపెట్టాను. రెండు శనివారాలు నష్టం ఆగింది. అప్పుడు అసలు పాఠం వచ్చింది. ఈ ఆట గురించి నేను ఎవరికైనా ఒక్కటే చెప్పాల్సి వస్తే ఈ ఆటే చెప్తాను.

నా చేతిలో ఆఠీను ఎక్కా, డైమన్ గులాం. నాలుగుకు పెంచాను. ఒక గింజ బ్లైండు పెట్టిన బావ తప్పుకున్నాడు. సారు, గార్డ్ సాబ్, తమ్ముడు వచ్చారు. కుప్పలో 17. ఫ్లాప్: ఇస్పేటు గులాం, ఇస్పేటు ఎనిమిది, ఆఠీను ఐదు. నాకు గులాంల జత, పక్కన ఎక్కా. రెండు పెట్టాను. సారు తప్పుకున్నారు, మిగతా ఇద్దరూ వచ్చారు. 23. టర్న్‌లో డైమన్ రెండు. నాలుగు పెట్టాను. తమ్ముడు పడేశాడు, గార్డ్ సాబ్ వచ్చాడు. 31. రివర్‌లో ఇస్పేటు రాణి పడింది. అప్పటిదాకా నోరెత్తని గార్డ్ సాబ్, వేలితో మీసం దువ్వి, నాలుగు గింజలు లెక్కపెట్టి ముందుకు తోశాడు.

మూడో ఇస్పేటు వచ్చింది. రాణి కూడా నా గులాం కంటే పెద్దది. పోనీ ఆయన ఊరికే పెట్టేవాడా అంటే, అంతదాకా ఎన్నడూ పెట్టలేదు. నేను కొత్తగా నేర్చుకున్న బుద్ధితో, చాలా గంభీరంగా, పత్తాలు పడేశాను. గార్డ్ సాబ్ తన పత్తాలు తిప్పాడు. ఆఠీను ఏడు, ఆరు. నాలుగో తొమ్మిదో పడితే సీక్వెన్స్ అవుతుందని కూర్చుని, ఏదీ రాక, ఉత్తచేతులతో పెట్టాడు. మంచం మీది నుంచి అత్తమ్మ, ‘అయ్యో అల్లుడా, గింత కుప్ప పెట్టుకొని నాలుగు గింజలకు భయపడ్డవా?’ అంది.

నాకు ఒళ్లు మండింది. ‘నువ్వే కదా పడేయమన్నది’ అని బావ మీద పడ్డాను. సారు మెల్లగా అడిగారు: ‘కుప్పలో ఎన్ని ఉన్నాయి?’ నేను చెప్పలేకపోయాను. ఇరవై రెండేళ్ల గుమస్తాను. ఆట మధ్యలో కుప్ప లెక్క నా దగ్గర లేదు.

ఆయనే చెప్పారు. గార్డ్ సాబ్ నాలుగుతో కలిపి 35. నేను పెట్టాల్సింది నాలుగు. పదిసార్లు ఇదే పరిస్థితి వస్తే, తొమ్మిదిసార్లు ఓడి ఒక్కసారి గెలిచానే అనుకుందాం. పోయేవి 36, వచ్చేవి 35. దాదాపు సరికి సరి. రెండుసార్లు గెలిస్తే పోయేవి 32, వచ్చేవి 70. అంటే నేను ఓడిపోయానని ఎనభై శాతం నమ్మకం ఉన్నా సరే, ఆ నాలుగు గింజలు పెట్టాల్సిందే. ఓడితే నాలుగు పోతాయి. గెలిచే పత్తాలు పడేస్తే ముప్పై ఐదు పోతాయి.

పొద్దున లేచాక కూడా ఇదే తిరిగింది బుర్రలో. మొదటి రెండు గింజల దగ్గర పిసినారిగా ఉండాలి, చివరి నాలుగు గింజల దగ్గర ఉండకూడదు. ఎందుకంటే మొదట కుప్ప చిన్నది, చివర పెద్దది, పందెం మాత్రం గీత దాటదు. ‘ధర ఎంత’ అని ఒక్కటే అడిగితే సరిపోదు, ‘దేనికి’ అని కూడా అడగాలి. క్వింటాల్ ధర వినగానే ఎగిరి గంతేయకుండా రకం ఏది, తేమ ఎంత అని అడిగే మనిషిని, ఇక్కడ నాలుగు గింజలు చూసి బెదిరిపోయాను.

అప్పట్నుంచి కుప్పను పెదాలు కదపకుండా లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. గింజల్లో కాకుండా పందేల్లో లెక్కపెట్టడం తేలికని బావ చెప్పాడు. ఫ్లాప్ దాకా చిన్న పందేలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, టర్న్ దగ్గర సగం చేస్తే పెద్ద పందేలవుతాయి. కలర్‌కు ఒక్క పత్తా తక్కువైతే తొమ్మిది పత్తాలు మనకు పనికొస్తాయి, కనపడనివి 47. ఐదింటిలో ఒకసారి వస్తుందనుకోవచ్చు. కుప్ప నేను పెట్టేదానికి నాలుగైదు రెట్లు ఉంటే ఆగుతాను. మధ్యలో ఒక్క పత్తా కోసం కూర్చునే సీక్వెన్స్‌కు నాలుగే పత్తాలు. దానికి పదకొండు రెట్లు కావాలి. ఇంతకుముందు ఈ రెండింటికీ ఒకే ఆశతో కూర్చునేవాణ్ణి.

గార్డ్ సాబ్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆయన రిటైరయ్యాకే రైల్వేవాళ్లు గార్డు అనే పేరు తీసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు, దాని మీద ఆయనకింకా కోపం. ఆయన దాదాపు ఏ ఆటా వదలడు. ఎర్రజెండా ఆయన సంచిలో లేదు. అలాంటివాణ్ణి బెదిరించి పడేయిద్దామని నేను చేసిన ప్రయత్నాలన్నీ నా నోట్‌బుక్కులో ‘గార్డ్’ అని ఎర్ర ఇంకుతో ఉన్నాయి. నాలుగు గింజలకు ఎవడు భయపడతాడు? లిమిట్‌లో బెదిరింపు చాలా తక్కువసార్లు పనిచేస్తుంది. మంచి పత్తాలున్నప్పుడు సిగ్గుపడకుండా పెంచి, ఆయన చేత కట్టించుకోవడమే దారి. ఇది నాకు ఆలస్యంగా ఎక్కింది. గెలిచే చెయ్యి ఉన్నప్పుడు ఎదుటివాళ్లు పారిపోతారేమోనని మెల్లగా ఆడేవాణ్ణి. వాళ్లు పారిపోయే మనుషులే కారు.

ఇక చివర కూర్చోవడం. పంచినవాడికి గుర్తుగా అత్తమ్మ నొప్పుల తైలం సీసా మూత తిప్పుతుంటాం. ఆ మూత మన ముందుంటే ఫ్లాప్ నుంచి అందరికంటే చివర మాట్లాడతాం. అందరూ ఏం చేశారో చూశాకే మన గింజ పడుతుంది. దీని రుచి నాకు జనవరిలో తెలిసింది. మూత నా దగ్గర ఉంది, చేతిలో ఆఠీను ఎక్కా, ఆరు. ఫ్లాప్‌లో ఆఠీను రాజు, ఆఠీను తొమ్మిది, ఇస్పేటు మూడు. కలర్‌కు ఒకటి తక్కువ. వదినె రెండు పెట్టింది, సారు వచ్చారు. నేను నాలుగు చేశాను. ఇద్దరూ ఇంకో రెండేసి పెట్టారు. టర్న్‌లో పనికిరాని డైమన్ నాలుగు. నా పెంపు చూసి జంకి ఇద్దరూ చెక్, అంటే ఇప్పుడు పందెం పెట్టం, అన్నారు. నేనూ చెక్ అన్నాను. రివర్ పత్తా ఊరికే చూశాను. ఆఠీను రెండు! నాలుగు పెట్టాను, వదినె కట్టింది.

సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ‘అంటే నువ్వు టర్న్ మీద నాలుగు గింజలు పెట్టి చూడాల్సిన పత్తాను, ఫ్లాప్ మీద రెండు గింజలకు కొన్నావన్నమాట’ అన్నారు. ఆరు నెలల్లో నాకు దొరికిన పెద్ద మెచ్చుకోలు అదే. అది బావ చెప్పిన ఉపాయమే అని నేను బయటపెట్టలేదు. బావ కూడా పల్లీలు నములుతూ ఊరుకున్నాడు.

అన్నీ ఇంత బాగా జరగవు. రెండు ఎక్కాలు చేతికి రావడం 221 ఆటలకు ఒకసారి. నాకు ఇప్పటికి ఆరుసార్లు వచ్చాయి, మూడుసార్లు ఓడాను. మొదట్లో పత్తాలు విసిరికొట్టాను. అయితే ఎక్కాల జత అయినా ఐదుగురు అడ్డమైన పత్తాలతో చివరిదాకా కూర్చుంటే గెలిచేది సుమారు సగం సార్లేనట. ఆరుగురిలో ఒకడు సగం సార్లు గెలవడం అంటే బ్రహ్మాండమైన వ్యాపారం. ఓడిన రాత్రి అట్లా అనిపించదు.

ఒకరోజు సారు ఇంకో విశేషం తెచ్చారు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో, ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ను కంప్యూటర్‌తో దాదాపు పూర్తిగా తేల్చేశారట. ఆ ప్రోగ్రాం పేరు సెఫియస్. మనిషి జీవితాంతం దానితో ఆడినా దాని మీద లాభం ఉందని తేల్చుకోలేడట. గార్డ్ సాబ్ అంతా విని, ‘ఇద్దరికే కదా? ఆరుగురి మధ్యల నన్ను కూసోబెట్టి అప్పుడు తేల్చుమను’ అన్నాడు.

శాన్ హోజేలో ఇదే ఆట ఆడితే ఇంత సుఖం ఉండదని బావ అంటాడు. అక్కడ కార్డ్ రూమువాళ్లు కమీషన్ తీసుకుంటారు. చిన్న పందేల టేబుల్ మీద ఆ కోతే పెద్ద బరువు. మిగతావాళ్ల కంటే కొంచెం బాగా ఆడితే చాలదు, ఆ కోత దాటేంత బాగా ఆడాలి. అడ్తి దుకాణం గుమస్తాకు కమీషన్ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. మా దగ్గర కోత ఏమీ లేదు. వచ్చేటప్పుడు ఎవరో ఒకరు మిర్చి బజ్జీలు తేవాలి, అంతే.

మేడారం జాతర వారం ఆట లేదు. మిర్చి సీజన్ ముదిరాక నేను రెండు శనివారాలు పోలేకపోయాను, పోయిన రోజు కూడా తుమ్ములతోనే కూర్చున్నాను. మొన్నటికి నావి 22 సిట్టింగులు. మొదటి ఐదింటిలో మైనస్ 347, ఆ తర్వాత పదిహేడింటిలో ప్లస్ 216. కలిపి మైనస్ 131. పదమూడు వందల ఆటలతో ఏదీ తేలదని, అదృష్టం ఎంతో ఆట ఎంతో విడదీయాలంటే ఇంకా వేల ఆటలు కావాలని సారు అంటారు. ఆ ‘ప్లస్’ను మాత్రం నేను పచ్చ ఇంకుతోనే రాశాను.

బావ జూన్‌లో తిరిగి వెళ్తాడు. అత్తమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని వంటింటిదాకా నడుస్తోంది. మొన్న ఆట అయ్యాక ఆరుగురి ఖాతాలూ కూడాను. కాగితం మీద సున్నా. సరిగ్గా కలిసింది. తృప్తిగా డబ్బా కుమ్మరించి గింజలు లెక్కపెట్టాను. 583. మళ్లీ లెక్కపెట్టాను. 583.

‘పదిహేడు గింజలే కదా బిడ్డా, పిల్లలు ఓనగుంటలకు తీసుకపోయుంటరు. తెల్లారి ఇంకిన్ని ఇస్త తియ్’ అంది అత్తమ్మ. గార్డ్ సాబ్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. నేను చాప ఎత్తి దులిపాను. మంచం కింద టార్చ్ కొట్టి చూశాను. నాలుగు దొరికాయి. మిగతా పదమూడు సస్పెన్స్ ఖాతాలో రాసి పెట్టాను.